మా అన్నయ్య విరగ్గొట్టిన ఫోర్కులు

మా అన్నయ్య చేతి దెబ్బలు తిన్న సైకిల్ ఫోర్కులకి లెక్కలేదు. మనుషుల్లో మాత్రం ఒక్కడే ఉన్నాడు, అది నేను. దుకాణం వెనక గోడవారగా నాలుగు గోతాలు నిలబెట్టి ఉంటాయి, నిండా నల్లటి చీలికలు. పొరపాటున వాటిలో చెయ్యి పెడితే అరచేతిలో దిగిన ముళ్లు వారం దాకా బయటికి రావు.

వీధిలో అందరూ అతన్ని బాదుడు మేస్త్రి అంటారు. డబ్బులు బాదుతాడని కాదు, ఫోర్కులు బాదుతాడని. సైకిలు ముందు చక్రాన్ని రెండు కాళ్లతో పట్టుకుని, పై గొట్టంతో హ్యాండిల్‌ని మోసేదే ఫోర్కు. పందేల సైకిళ్లకి దాన్ని కార్బన్ నార పొరలతో చేస్తారు. చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. ఇనుము దెబ్బ తింటే వంగుతుంది, సొట్ట పడుతుంది, చెప్పి మరీ చస్తుంది. కార్బన్ చెప్పదు. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పొరలు విడిపోయి ఉంటాయి. ఒకనాడు దిగుడు రోడ్డు మీద పుటుక్కున రెండు ముక్కలవుతుంది. చక్రం తన దారిన తాను పోతుంది, మనిషి మొహం మీద ఆగుతాడు.

అందుకని అన్నయ్య దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏ సైకిలు వచ్చినా ముందు అడిగేది ఒకటే మాట, "ఎక్కడైనా తగిలిందా?" అని. తగిలిందంటే ఫోర్కు మొత్తం బయటికి లాగి, పుచ్చకాయ కొనేవాడిలా చెవి దగ్గర పెట్టుకుని, ఒక పాత నాణెంతో వేలెడు దూరానికొకసారి తట్టేవాడు. మంచి చోట టక్కుమంటుంది, చెడిన చోట డొప్పుమంటుంది. మా నాన్న రాళ్లు కొట్టేవాడు. రాయి మీద సుత్తి వేసేముందు దాని గొంతు వినాలని అన్నయ్యకి నేర్పింది ఆయనే. డొప్పుమన్న ఫోర్కుని అన్నయ్య తిరిగి ఇచ్చేవాడు కాదు. ఇస్తే ఇంకెవడికో అమ్ముతారని భయం. మూలనున్న ఇనుప దిమ్మ మీద పెట్టి, నాన్న సుత్తితో యజమాని కళ్లముందే నుజ్జునుజ్జు చేసేవాడు. మొదట్లో అలా పగిలినవి నెలకి ఒకటో రెండో.

ఆ తర్వాత నా ప్రమాదం జరిగింది.

ఆరేడేళ్ల కిందట, ఒక పందెంలో, దిగుడు రోడ్డు చివరి మలుపు దగ్గర బ్రేకు నొక్కాను. చేతుల్లో హ్యాండిల్ ఉంది, హ్యాండిల్ కింద ఏమీ లేదు. రోడ్డు లేచి వచ్చి మొహాన కొట్టింది. కింది దవడ మూడుచోట్ల విరిగింది. ఏడు పళ్లు రాలాయి, నాలుక కొస తెగింది. నోట్లో ఉన్నది రక్తమో కంకరో తెలియక రెండూ మింగాను. అన్నయ్య వెనక వ్యానులో వస్తున్నాడు. దిగి పరుగెత్తుకొచ్చి నా మొహం చూశాడు, ఆ తర్వాత ఫోర్కు చూశాడు. రోడ్డు పక్కకి పోయి వాంతి చేసుకున్నాడు. తిరిగి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని నా పళ్లు ఒక్కొక్కటే ఏరి రుమాలులో మూటకట్టాడు. ఆ పళ్లు ఎవరికీ పనికిరాలేదు.

అంతకు ముందురోజు సాయంత్రం ఆ ఫోర్కుని తట్టి చూసి బాగుందన్నది అన్నయ్యే. అప్పటినుంచి అడిగినవాడికీ అడగనివాడికీ ఒకటే చెప్పేవాడు: "నా చెవి మోసం చేసింది."

చెవి మోసం చేయలేదు. మోసం చేసింది నేను.

నేను ప్రెస్సులో కాగితం కోసే యంత్రం మీద పనిచేస్తాను. పందేనికి ఎనిమిది రోజుల ముందు, పని ముగించుకుని హడావుడిగా బయల్దేరి, సగం మూసిన ఇనుప గేటుని ముందు చక్రంతో గుద్దాను. భుజం కమిలింది. ఫోర్కు భుజం దగ్గర, రెండు కాళ్లూ గొట్టంతో కలిసేచోట, గోరంత గీత పడింది, అంతే. తగిలిందని చెబితే అన్నయ్య ఏం చేస్తాడో నాకు తెలుసు. పందెంలోపు ఇంకో ఫోర్కు దొరకదనీ తెలుసు. ప్రెస్సులో నల్ల సిరాకి కరువా? గుడ్డతో గీత మీద రుద్ది, ఆరాక మెరుగు పెట్టాను. కన్నతల్లి కూడా పోల్చలేదు. ముందురోజు సాయంత్రం అన్నయ్య అలవాటుగా అడిగాడు, "ఎక్కడైనా తగిలిందా?" అని. "లేదు" అన్నాను. తగల్లేదన్నవాళ్ల ఫోర్కుని అతను బయటికి లాగడు, కనిపించే కాళ్లు మాత్రమే తట్టి చూస్తాడు. కాళ్లు బాగానే ఉన్నాయి. బీట పడింది పైన, ఫ్రేములో దాగి ఉండే గొట్టం మొదట్లో. తమ్ముడి మాట మీద అక్కడ చూడలేదు.

తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. మొదటి మూడు నెలలూ దవడని తీగలతో కట్టేశారు కాబట్టి మాట్లాడలేకపోయాననుకుందాం. మిగిలిన అయిదేళ్ల తొమ్మిది నెలలకీ ఏం సాకు చెప్పను? ఆ మూడు నెలలూ అన్నయ్యే నాకు గొట్టంతో జావ పట్టాడు. పట్టినప్పుడల్లా నా మొహంకేసి చూసేవాడు కాదు.

చెవి మీద నమ్మకం పోయినవాడు ఏం చేస్తాడు? అన్నీ పగలగొడతాడు. మొదట డొప్పుమన్నవి పగలగొట్టాడు. తర్వాత టక్కుమన్నా సరే, కింద పడ్డాయని తెలిసినవి. తర్వాత పాతవన్నీ. ఒక పెద్దమనిషి, "నా ఫోర్కు, నా మొహం. కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేస్త్రీ?" అని అరుస్తూ ఉండగానే మూడు దెబ్బల్లో ముక్కలు చేశాడు. ఇంకోసారి ఇద్దరు అన్నదమ్ములు వచ్చి అన్నయ్యని దుకాణం తలుపుకేసి కొట్టి రెండు పక్కటెముకలు విరగ్గొట్టి పోయారు. అన్నయ్య తిరిగి చెయ్యెత్తలేదు. వదిన ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో పనిచేస్తుంది. "అక్కడా ఇదే పని, ఇంట్లోనూ ఇదే పని. ఇంట్లో జీతం కూడా లేదు" అంటూ కట్టు కట్టేది. గిరాకీలు ఒక్కొక్కరే వీధి చివరి కొత్త దుకాణానికి మళ్లారు. పనుల్లేని రోజు అన్నయ్య అటక మీదనుంచి ఒక గోనెసంచి దించేవాడు. అందులో నా ఫోర్కు రెండు ముక్కలూ ఉండేవి. తన చేతిలో పడి సుత్తి దెబ్బ తినని చెడ్డ ఫోర్కు అదొక్కటే. భూతద్దం పెట్టి కాళ్లు చూసుకునేవాడు, నాణెంతో తట్టుకునేవాడు. టక్. టక్. టక్. విరిగింది పైనే అయినా బీట తను తట్టిన కాళ్లలోనే మొదలై ఉంటుందని, తను వినకుండా పోయిన చోటు ఎక్కడుందో అని.

ఆ చప్పుడు వింటూ నేను పక్కగదిలో అన్నం తినేవాణ్ణి. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర, "అన్నయ్యా, నా సైకిలుకి ఫోర్కు కొందాం. మళ్లీ తొక్కుతాను" అన్నాను. ఫోర్కు లేని నా సైకిలు అప్పటికి ఆరేళ్లుగా దుకాణం కొక్కేనికి వేలాడుతోంది. నా ఎత్తు ఇది: అన్నయ్య చేత్తో ఫోర్కు బిగిస్తాడు, నేను తొక్కుతాను, ఏమీ కాదు, అతని చెవి అతనికి తిరిగొస్తుంది, నేను నోరు విప్పే అవసరం ఉండదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. తొక్కడం ఎలాగూ తొక్కాను, కడగడం కూడా ఇంకొకడి చేత చేయించాలని చూశాను. అన్నయ్య ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశాడు. "సరే. కానీ నేనే చూడాలి" అన్నాడు.

మొదట ఒక బ్యాంకు గుమాస్తా దగ్గర పాతది ఉందంటే దుకాణానికి తెమ్మన్నాను. మనిషి పొడుగ్గా, పందెపు బట్టల్లోనే వచ్చాడు.

"ఎక్కడైనా తగిలిందా?" అన్నాడు అన్నయ్య.

"అబ్బే. ఇంట్లో గోడకి పెట్టుకున్నదే ఎక్కువ."

అన్నయ్య కళ్లు మూసుకుని తట్టాడు. ఎడమకాలికి కింది నుంచి జానెడు ఎత్తులో డొప్పుమంది. నాకు కూడా వినపడింది. అన్నయ్య దిమ్మ దగ్గరికి నడిచాడు. గుమాస్తాకి సంగతి అర్థమయ్యేలోపు మొదటి దెబ్బ పడింది. రెండో దెబ్బకి కాలు చీలి, లోపల పొరలు ఉల్లిపాయలా విడిపోయి కనిపించాయి. పాతబీట చుట్టూ మట్టి. "ఇదీ నీ గోడ" అన్నాడు అన్నయ్య. గుమాస్తా చేతికందిన గాలిపంపు తీసి అతని కనుబొమ మీద కొట్టాడు. చర్మం పెదవిలా తెరుచుకుంది. రక్తం కంట్లోకి కారుతుంటే అన్నయ్య రెండో కన్నుతోనే మూడో దెబ్బ, నాలుగో దెబ్బ వేశాడు. నేను గుమాస్తాని మెడపట్టి బయటికి తోశాను. తోస్తూ అనుకున్నాను, వీడు చేసిందీ నేను చేసిందీ ఒకటే కదా, వీడి మెడ పట్టుకునే హక్కు నాకెక్కడిది అని.

ఇక కొత్తదే కొందామని పక్క వీధులు దాటి పెద్ద దుకాణానికి వెళ్లాం. అన్నయ్య కనుబొమకి వదిన వేసిన ఆరు కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అక్కడ అమ్మే అమ్మాయి పనితెలిసిన మనిషి. ఫ్రేములో ఫోర్కు గొట్టం దూరేచోట వెడల్పెంత, బ్రేకులు చక్రం అంచుని పట్టేవా, చక్రం మధ్యనున్న డిస్కుని పట్టేవా, ఎంత లావు టైరు పట్టాలి అని అడిగింది. ఫోర్కు కాళ్లు ముందుకి ఎంత వంగి ఉండాలో కూడా అడిగింది. అది రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా సైకిలు మలుపులో మాట వినదట. అన్నయ్య అన్నిటికీ కాగితం చూడకుండా జవాబు చెప్పాడు. అయిదు పెట్టెలు దింపించాడు. ఒకటి బ్రేకుల దగ్గర తప్పిపోయింది, రెండిటికి వంపు చాలలేదు, ఇంకోదాని గొట్టం పొట్టి. మిగిలినదాన్ని పట్టుకుని అడిగాడు.

"ఎక్కడైనా తగిలిందా?"

"కొత్తదండీ ఇది."

"పెట్టె ఎప్పుడైనా కింద పడిందా అని అడుగుతున్నానమ్మా."

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి అరలు చూసింది. "ఇది పడలేదండీ. దీని పక్కది మొన్న నా చేతిలోంచే జారింది. అమ్మకానికి వద్దని తీసి లోపల పెట్టాను" అంది.

అన్నయ్య ఆమెకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. ఆమె కంగారుపడింది. నేను రెండు నెలల జీతం అక్కడ పెట్టి, తల వంచుకుని పెట్టె ఎత్తుకున్నాను. ముక్కూమొహం తెలియని పిల్ల ఒక్క గుక్కలో చెప్పేసింది.

మర్నాడు పొద్దున అన్నయ్య దాన్ని గంటసేపు తట్టాడు. ఎక్కడ తట్టినా టక్కుమంది. గొట్టం కొలిచి, గుర్తుపెట్టి, నీళ్లు చల్లుతూ సన్నరంపంతో కోశాడు. కాగితం కోసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అంత నిటారైన కోత నా యంత్రం కూడా వేయలేదు. బేరింగులు వేశాడు, హ్యాండిల్ బిగించాడు, చక్రం తొడిగాడు. సైకిలు నేలమీద నిలబడింది. ఆరేళ్ల తర్వాత.

"ఎక్కు" అన్నాడు.

కాలు అవతలికి వేశాను. అన్నయ్య చెయ్యి హ్యాండిల్ మీదే ఉండిపోయింది.

"దిగు."

"అన్నయ్యా..."

"దిగమన్నానా."

నా రెక్క పట్టి లాగి పడేశాడు. నేను లేచేలోపు చక్రం ఊడింది, పై బోల్టు ఊడింది, ఫోర్కు బయటికొచ్చింది. దిమ్మ మీద పడింది. సుత్తి లేచింది. ఆ కొత్త ఫోర్కు అంత తేలిగ్గా చావలేదు. మొదటి దెబ్బకి సుత్తి ఎగిరి వెనక్కొచ్చింది, రెండో దెబ్బకీ అంతే. అన్నయ్య పళ్లు బిగించి, కుట్లు తెగి రక్తం కారుతుంటే, ఏడుస్తూ కొట్టాడు. ఏడో దెబ్బకి విరిగింది. లోపల ఒక్క మచ్చ లేదు. నల్లగా, శుభ్రంగా, గట్టిగా ఉంది.

నాకు ఒళ్లు తెలియలేదు. వెళ్లి సుత్తి పట్టుకున్నాను. అతను వదల్లేదు. బల్ల మీద పానాలన్నీ కిందపడ్డాయి, ఇద్దరం వాటిమీద పడ్డాం. నా మోకాలు అతని పాత పక్కటెముకల్లో దిగింది. అతని తల నా ముక్కుకి కొట్టుకుంది. వదిన లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి చెంబుడు నీళ్లు మామీద గుమ్మరించింది, కుక్కల్ని విడదీసినట్టు.

"బాగుంది కదా" అని అరిచాను. "టక్కుమంది కదా, నేను కూడా విన్నాను. ఎందుకు పగలగొట్టావు?"

"ఆరోజు కూడా టక్కుమంది" అన్నాడు అన్నయ్య, నేలమీద కూర్చుని, రొప్పుతూ. "ఆరోజు కూడా ఇలాగే బాగుంది రా. నా చెవి అబద్ధం చెబుతుంది. నేను బిగించినదాని మీద నిన్ను మళ్లీ ఎక్కించలేను."

మింగలేక కక్కలేక ఆరేళ్లు మోసింది అప్పుడు బయటికొచ్చింది. గొప్ప ధైర్యమేమీ కాదు. ముక్కులోంచి రక్తం కారుతోంది, ఎదురుగా అతను చేతులు చూసుకుంటున్నాడు, అంతే.

"అబద్ధం చెప్పింది నీ చెవి కాదు. నేను. తగిలింది అన్నయ్యా. ఎనిమిది రోజుల ముందు గేటుకి గుద్దాను. సిరా పూసి దాచాను."

అన్నయ్య లేచి అటక మీది సంచి దించాడు. గుడ్డని పెట్రోలులో ముంచి, విరిగిన ఫోర్కు భుజం మీద రుద్దాడు. ఇంకా రుద్దాడు. గుడ్డ తిప్పి చూశాడు. నల్లగా ఉంది. గోరంత గీత తెల్లగా బయటపడింది. ఆరేళ్లుగా అతను కాళ్లు వెతుక్కుంటూ ఉన్నాడు, అది వాటికి కాస్త పైన ఉంది.

గుడ్డ నాకు చూపించాడు, నాకు తెలియదన్నట్టు. తర్వాత పిడికిలితో నా దవడ మీద కొట్టాడు. బలమంతా పెట్టి కొట్టాడు. నేను గోతాల మీద పడ్డాను, చీలికలు వీపులో దిగాయి. దవడలో వేసిన లోహపు పలక చెక్కుచెదరలేదు, అతని చిటికెన వేలు మాత్రం విరిగింది. చెయ్యి పట్టుకుని కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

వదిన ముందు అతని వేలికి కట్టు కట్టింది. తర్వాత నా వీపులో ముళ్లు పట్టకారుతో లాగింది, మెల్లగా లాగాల్సినవి కూడా మెల్లగా లాగలేదు. "ఆరేళ్లు నా మొగుడికి కంటిమీద కునుకు లేదు. నా చేతి కూడు తింటూ నువ్వు ఊరుకున్నావు" అంది.

పంతొమ్మిది రోజులు అన్నయ్య నాతో మాట్లాడలేదు. ఇరవయ్యో రోజు భోజనాల వేళ ప్రెస్సుకి వచ్చాడు. చంకలో పొడుగాటి పెట్టె ఉంది. వేలికి ఇంకా కట్టు ఉంది.

"రంపం పట్టుకోవడం నాకు కుదరట్లేదు. నువ్వు కొయ్యాలి" అన్నాడు.

వెళ్లాను. అతను ఒక్కసారి, పై నుంచి కిందికి, తట్టాడు. గంట కాదు, రెండు నిమిషాలు. "బాగుంది" అని పక్కన పెట్టాడు. నేను కోశాను, కొంచెం వంకర పోయింది, ఆకురాయితో అతనే సరిచేశాడు. బిగించాక హ్యాండిల్ మీదనుంచి చెయ్యి తీశాడు.

"తగిలితే చెప్పు, దీన్ని పగలగొడతాను. చెప్పకపోతే నిన్ను పగలగొడతాను" అన్నాడు. నవ్వలేదు.

ఆ రోజునుంచి టక్కుమన్న ఫోర్కులు యజమానుల చేతికి తిరిగి వెళ్లడం మొదలైంది. గోతాలు నాలుగు దగ్గరే ఆగాయి. పోయిన గిరాకీలో సగం వెనక్కి వచ్చింది.

ఏడు నెలలు తొక్కాను. ఒక సాయంత్రం ఆగి ఉన్న కారు తలుపు ఎవరో తెరిచారు. తప్పించాను గాని ముందు చక్రం తలుపు అంచుకి తగిలింది. పెద్ద వేగం కాదు, అరచేయి గీరుకుంది. వంగి ఫోర్కు అంతా చూశాను. గోరంత గీత కూడా లేదు. వీధిలో నన్ను తెలిసినవాడు ఒక్కడూ లేడు. రోడ్డు పక్కన ఎంతసేపు నిలబడ్డానో చెబితే మీరు నన్ను క్షమించరు, అందుకని చెప్పను. తర్వాత ఎక్కకుండా నడిపించుకుంటూ దుకాణానికి వెళ్లాను.

అన్నయ్య తలెత్తి, సైకిలు దిగి నడుస్తున్న నన్ను చూశాడు.

"ఎక్కడైనా తగిలిందా?"

"తగిలింది."

ఇద్దరం కలిసి ఫోర్కు బయటికి లాగాం. నాణెం జేబులోంచి తీయబోయి మళ్లీ లోపల పెట్టేసుకున్నాడు. నాన్న సుత్తి అందుకుని, పిడి నావైపు తిప్పి ఇచ్చాడు. మొదటి దెబ్బ గురి తప్పి దిమ్మకి తగిలి భుజం దాకా జివ్వుమంది. రెండోది పడింది. తొమ్మిదో దెబ్బకి విరిగింది. మొహమంతా చెమటా కన్నీళ్లూ కలిసిపోయాయి, తుడుచుకోలేదు.

అన్నయ్య ముక్కలు తీసుకుని వెలుగులో తిప్పి చూశాడు. పై గొట్టం మొదలు మరీ మరీ చూశాడు.

"దీనికేం కాలేదు రా. బంగారంలా ఉంది" అన్నాడు.

"సరే" అన్నాను.

ముక్కలు గోతంలో వేసి వచ్చి, కట్టు విప్పినా వంకరగానే ఉండిపోయిన చిటికెన వేలితో నా దవడ మీద, పలక ఉన్నచోట, రెండుసార్లు తట్టాడు. చెవి దగ్గరికి తెచ్చి విన్నాడు కూడా.

"పద, ఆ అమ్మాయి దుకాణం మూసేలోపు పోదాం" అన్నాడు.